కత్తిరింపుల పుస్తకములును డిజిటల్ సాధనములును

గ్రంథమునుండి గాని వార్తాపత్రికనుండి గాని కావలసిన భాగమును గత్తెరతోఁ గత్తిరించి, తెల్లకాగితముల పుస్తకమునఁ దగిన చోట జిగురుతో నంటించి, ప్రక్కను రెండు మాటలు వ్రాసి యుంచుకొను నాచారము పాశ్చాత్యదేశములందుఁ జిరకాలమునుండి యున్నది. దీనిని స్క్రాప్‌బుక్కని వారు వ్యవహరింతురు. తెలుఁగువారు పేపరు కటింగుల పుస్తకమనియు, ఛాయాచిత్రములే ప్రధానములైనచో ఆల్బమనియు నందురు. ఈ వ్యాసమున దీనికిఁ గత్తిరింపుల పుస్తకమను పేరు వాడఁబడినది. గడచిన ముప్పది నలువది యేండ్లలో స్కానరు, కంప్యూటరు, ప్రింటరు, సెల్‌ఫోను కెమెరా అను పరికరములు కత్తెర జిగురుల సరసకు వచ్చినవి. కాగితమును డిజిటల్ సాధనములను గలిపి చేయు నీ మిశ్రపద్ధతిని గొందఱు మునుపెన్నఁడు నెఱుఁగని వింతయనియు, మఱికొందఱు పాతకళకుఁ జేటనియుఁ దలంచుచున్నారు. చరిత్రమును బరిశీలించినచో నీ రెండు తలంపులును నిలువవు. మూలమునకును బ్రతికిని గల సంబంధమెట్టిదియను ప్రశ్న యీ పుస్తకములతోడనే పుట్టినది. ఆ సంబంధమును మఱచినపుడెల్ల విద్యకు నష్టము వాటిల్లినది. దానిని గుర్తించి చేసినచోఁ గాగితమును యంత్రమును ఒండొంటికిఁ దోడైనవి.

జూరిచ్ నగరవాసియగు కోన్రాడ్ గెస్నరు (1516–1565) వైద్యుఁడు, బహుభాషాకోవిదుఁడు. ఆయన 1548లోఁ బ్రకటించిన పాండెక్టే అను గ్రంథమున విషయసూచికను గూర్చు తెఱఁగును వివరించెను. చదువునపుడు గ్రహింపఁదగిన విషయములను మంచి కాగితముపై నొకవైపు మాత్రమే వ్రాయవలెను. పిదప వానిని గత్తెరతో వేఱుచేసి, వర్గములుగా నమర్చి, క్రమము కుదిరిన తరువాత నంటింపవలెను. ముద్రిత గ్రంథమునే కత్తిరించి పని త్వరపఱుపఁదలఁచినవారికి రెండు ప్రతులు కావలసియుండునని యాతఁ డెఱిఁగియుండెను. ఆకునకు రెండు పుటలు గలవు గదా! ఒక పుటలోని వాక్యము కత్తిరించినంతనే దాని వెనుకనున్న వాక్యము విఱిగిపోవును. ఒకదానిని గైకొనుటకై మఱియొకదానిని గోల్పోవలసివచ్చు నీ చిక్కు కత్తెరతోడనే పుట్టినది.

కత్తిరించి కూర్చుట యొక పని. కూర్చినదానిని మరలఁ గనుఁగొనుట మఱియొక పని. ఈ రెండవదానికి జాన్ లాకు అను తత్త్వవేత్త యొక మార్గము చూపెను. 1686లో నొక ఫ్రెంచి పత్రికలోఁ బ్రకటితమై, 1706లో ఆంగ్లమున వెలువడిన యాతని పద్ధతి ప్రకారము, విషయశీర్షికలోని మొదటి యక్షరమును, దాని తరువాత వచ్చు మొదటి యచ్చును గ్రహించి, యా రెంటి ననుసరించి సూచికలోఁ బుటసంఖ్య వేయవలెను. దీనిచే విషయము లేక్రమమున వచ్చి చేరినను వెదకువానికిఁ జిక్కును. వస్తువు నొకచోట నిలుపుట, దాని జాడను వేఱొకచోట వ్రాయుట అను నీ విభాగమే నేఁటి మిశ్రపద్ధతికి మూలబీజము. లాకు సూచికకుఁ గాగితమే చాలెను. నేఁడా పనిని యంత్రము చేయుచున్నది.

మూలమును గౌరవింపని కత్తెర యెంత చెఱుపు చేయునో పదునెనిమిదవ శతాబ్దియే చూపినది. జేమ్స్ గ్రాంజరు అను ఆంగ్ల మతాచార్యుఁడు 1769లో ఇంగ్లండు ప్రముఖుల జీవితచరిత్రల గ్రంథమొకటి ప్రకటించెను. అందు వ్యక్తులను వర్గములుగా విభజించి, వారి ముద్రితరూపచిత్రముల పట్టికల నొసంగెను. చదువరులా చిత్రములను సేకరించి పుటల నడుమఁ జేర్చి మరల బైండు చేయించుకొనసాగిరి. ఆ వేడుక ముదిరి యితర గ్రంథములకును వ్యాపించెను. ఒక పుస్తకము నలంకరించుటకై పెక్కు పాతపుస్తకముల ముఖచిత్రములు కోయఁబడినవి. ఆ పనికి ఆంగ్లభాషలో గ్రాంజరు పేరనే యొక క్రియాపద మేర్పడినది. ఒక గ్రంథకర్త పేరు ధాతువగుట సామాన్యముగా గౌరవమే. ఆతని విషయమున నది గ్రంథచ్ఛేదనమునకు సంకేతమైనది.

కత్తెరను మిక్కిలి యెఱుకతోఁ బట్టినవారిలో అమెరికా మూఁడవ అధ్యక్షుఁడగు థామస్ జెఫర్సను ముఖ్యుఁడు. 1804లో అధ్యక్షపదవియందుండఁగనే యాతఁడు క్రైస్తవుల నూతననిబంధనమునుండి యేసు బోధలను మాత్రము కత్తిరించి యొక చిన్నకూర్పు చేసెను. అది నేఁడు లభింపదు. పదవినుండి విరమించిన పిమ్మట, 1820లోఁ దన డెబ్బదియేడవ యేఁట, రెండవ కూర్పును ముగించెను. అందు గ్రీకు, లాటిను, ఫ్రెంచి, ఆంగ్లము అను నాలుగు భాషల పాఠములు నాలుగు వరుసలుగా నెదురెదురుగా నంటింపఁబడినవి. ఇందులకై యాఱు ప్రతులు కత్తిరింపఁబడెను: ఆంగ్లమునకు రెండు, ఫ్రెంచికి రెండు, గ్రీకులాటినులు కలసియున్నవి రెండు. ఆకు రెండువైపులను వాడుకొనవలసియుండుటచే నొక్కొక్కదానికి రెండేసి ప్రతులు కావలసివచ్చినవి. గెస్నరు సూచించిన యుపాయమే రెండువందల డెబ్బది యేండ్ల తరువాత నిచ్చట నాచరణమునఁ గానవచ్చుచున్నది.

ఈ పుస్తకము చరిత్రకారుల కంటఁబడిన విధము మఱింత గమనింపఁదగినది. 1886లో సైరస్ ఆడ్లరు అను పండితుఁడు బాల్టిమోరు నగరమున నొక స్వకీయ గ్రంథాలయమునకుఁ బట్టిక వ్రాయుచుండఁగా, పుటలలోఁ గిటికీలవంటి ఖాళీలుగల రెండు ఆంగ్ల ప్రతులు కనఁబడినవి. అవి జెఫర్సనువని యందొక సూచన యుండెను. ఆ ఖాళీలను బట్టి యాతఁ డంటింపఁబడిన పుస్తకమునకై వెదకెను. 1895లో జెఫర్సను వంశీయులనుండి దానిని ప్రభుత్వ ప్రదర్శనశాలకై కొనెను. 1904లో అమెరికా ప్రభుత్వము చట్టసభలకై 9,000 ప్రతులు శిలాముద్రణమున నచ్చువేయించెను. కత్తిరింపఁబడిన శేషమును వ్యర్థమని పాఱవేసియుండినచోఁ గత్తిరింపుల జాడ తెలియుట కష్టమయ్యెడిది. కోఁత మిగిల్చిన ఖాళీయుఁ బ్రమాణమేయని యీ వృత్తాంతము తెలుపుచున్నది.

పందొమ్మిదవ శతాబ్దిలో వార్తాపత్రికలు చౌకపడఁగా నీ యలవాటు పండితులనుండి సామాన్యగృహములకుఁ బ్రాఁకెను. మార్క్ ట్వేను అను కలముపేరునఁ బ్రసిద్ధుఁడైన శామ్యూల్ క్లెమెన్సు 1873 జూన్ 24వ తేదీన 140,245 సంఖ్యగల పేటెంటును బొందెను. పుటలపై ముందే జిగురు పూసి యాఱనిచ్చి, తడిపినంతనే కత్తిరింపు లంటుకొనునట్లు చేసిన పుస్తకమది. 1880లో గర్లీ అను నాతఁడు ఇట్టి పుస్తకములు చేయు విధానమును దెలుపు చిన్నగ్రంథము వ్రాసెను. వేడుకగాఁ దోఁచు నీ పనిచేఁ జరిత్రకుఁ గలిగిన మేలునకు ఫిలడెల్ఫియా నగరవాసి విలియం డార్సీ (1837–1923) నిదర్శనము. నల్లజాతీయుఁడైన డార్సీ తనవారినిగూర్చి పత్రికలలో వచ్చిన వార్తలను సేకరించి, దాదాపు 400 పుస్తకములు కూర్చెను. పెద్ద గ్రంథాలయములు పట్టించుకొనని జీవిత మందు నిలిచియున్నది. రోజర్ లేను అను చరిత్రకారుఁడు వాని నాధారముగాఁ జేసికొని 1991లో ఆ నగరపు నల్లజాతీయుల చరిత్ర వ్రాసెను.

ఐనను పత్రికలను జౌకచేసిన కాగితమే వానికి మృత్యువాయెను. మునుపటి కాగితము నూలు, నార గుడ్డపీలికలతోఁ జేయఁబడెడిది. 1844లో జర్మను దేశీయుఁడగు కెల్లరు కఱ్ఱను నూఱి గుజ్జుచేయు మార్గము కనిపెట్టినది మొదలు పత్రికల కాగితము క్రమముగాఁ గొయ్యమయమయ్యెను. అందలి లిగ్నిన్ అను పదార్థము వెలుతురు సోఁకఁగాఁ బసుపువన్నెకుఁ దిరుగును. సిరా ప్రాఁకకుండుటకై కలుపు పటిక యామ్లమును బుట్టించి పోఁగులను దెంచును. దీనికిఁ దోడు ఆమ్లము గల జిగురు, పి.వి.సి. తొడుగులు చేరినచో నాశనము వేగపడును. ఆమ్లరహితమై చిరకాలము నిలుచు కాగితమునకు అమెరికాలో 1984నను, అంతర్జాతీయముగా ఐ.ఎస్.ఓ. 9706 అను పేర 1994నను బ్రమాణము లేర్పఱుపఁబడినవి. అంతకు మున్నంటింపఁబడిన కత్తిరింపులలోఁ బెక్కులు తామంటియున్న పుటకును మచ్చలు వేయుచున్నవి.

నశించు కాగితమునకు ఇరువదవ శతాబ్దిలో మైక్రోఫిల్ము మందుగాఁ దోఁచెను. గ్రంథాలయములు పత్రికల సంపుటములను ఫిల్ముపై కెక్కించి, మూలములను బాఱవేయ మొదలిడినవి. పుట మూలను ముందునకును వెనుకకును మడచి, యెన్ని మడతలకు విఱుగునో లెక్కించి, యా లెక్కనుబట్టి పుస్తకము బ్రదుకఁదగినదో కాదో నిర్ణయించు పరీక్షయు నుండెను. నికల్సను బేకరు 2001లో ఆ పరీక్ష పేరనే ‘డబుల్ ఫోల్డ్’ అను గ్రంథము వ్రాసి యీ పనిని దీవ్రముగా ఖండించెను. రంగుల చిత్రములు ఫిల్ములో నలుపు తెలుపులైనవి. కొన్ని పుటలు తప్పిపోయినవి. మరలఁ జూతమన్న మూలము లేదు. 1999లో బ్రిటిషు లైబ్రరీ వదలుకొనిన అమెరికా పత్రికల సంపుటములను బేకరు స్వయముగాఁ బూనికొని కాపాడెను. అవి 2004లో డ్యూకు విశ్వవిద్యాలయమునకుఁ జేరినవి.

ఇచ్చట వ్యాకరణశాస్త్రపు స్థానివద్భావవిచారము మిక్కిలి యుపకరించును. ఒక వర్ణము స్థానమున వేఱొకటి యాదేశముగా వచ్చినపుడు, ఆ యాదేశము స్థానివలెనే కార్యములను బొందునని పాణిని శాసించెను. రామాయ యనుచోట ఙే ప్రత్యయమునకు వచ్చిన యకారము సుప్పుగాఁ బరిగణింపఁబడుట యిందుచేతనే. కాని వర్ణము నాశ్రయించి జరుగు విధియందు స్థానివద్భావము లేదు. ద్యౌః అనునపుడు వకారమునకు వచ్చిన ఔకారము హల్లు కాఁజాలదు. కావుననే సులోపము కలుగదు. ప్రతియు నిట్టిదే. చదువుటకు, వెదకుటకు, దూరస్థులకుఁ బంపుటకుఁ బ్రతి మూలమువలెనే పనిచేయును. కాగితపు నేఁత, సిరా స్వభావము, కోఁత గుఱుతు, జిగురు మచ్చ, వెనుకవైపు ముద్రణము అనువాని నాశ్రయించు విచారమునకు మూలమే కావలెను. ఆదేశమునకు సర్వత్ర స్థానివద్భావము కలదని భ్రమించినవారే మూలములను బాఱవేసిరి.

డిజిటల్ సాధనములు కత్తెరకు విరోధులై పుట్టినవి కావు. 1957లో రస్సెల్ కిర్షు తన పసిబిడ్డ ఛాయాచిత్రమును అడ్డము 176, నిలువు 176 చుక్కలుగా విభజించి కంప్యూటరులోని కెక్కించెను. అదియే తొలి స్కానరు పని. 1974–75 సంవత్సరములలో జిరాక్సు సంస్థ పరిశోధనాలయమున లారీ టెస్లరు, టిమ్ మాట్ అను వారు గ్రంథప్రకాశకుల సంపాదకులకై జిప్సీ యను వ్రాఁతసాధనమును నిర్మించిరి. ఆ సంపాదకులు వ్రాఁతప్రతులను గత్తెరతోఁ గోసి జిగురుతో నంటించి సవరించువారు. వారి చేతిపనియే కట్, పేస్టు అను నాజ్ఞలుగాఁ గంప్యూటరులోఁ బ్రవేశించినది. నేఁడు సెల్‌ఫోనుపై వ్రేలితో వాక్యమును జరుపు బాలుఁడు తెలియకయే గెస్నరు కత్తెరను బట్టుచున్నాఁడు. ఒక భేదము మాత్రము కలదు: యంత్రమునందలి ప్రతిపై చేసిన కోఁతకు మూలమునందు ఖాళీ యేర్పడదు. ఆకు వెనుక పుటకై రెండవప్రతి కొనవలసిన యక్కఱయుఁ దీఱినది.

కుటుంబచరిత్రలకై కత్తిరింపుల పుస్తకములు చేయు నలవాటు అమెరికాలోని యూటా రాష్ట్రమునఁ గొత్తబలము పొందెను. 1980లో సాల్ట్ లేక్ సిటీలో జరిగిన వంశచరిత్రకారుల మహాసభయందు మేరియెలెన్ క్రిస్టెన్సెను తన కుటుంబపు పుస్తకములను 50 సంపుటములకుఁ బైగాఁ బ్రదర్శించెను. మఱుసటి యేఁట నా దంపతు లీ పనిముట్లకై యొక దుకాణము తెఱచిరి. 1990లో ఫొటోషాపు వెలువడి, 1994లో దానికిఁ బొరల యేర్పాటు చేరఁగా, చిత్రముపైఁ జిత్రమును, దానిపై నక్షరమును నిలుపు కాగితపుపని తెరపైకి వచ్చెను. అయినను బెక్కురు కాగితమును విడువలేదు. పాతఛాయాచిత్రమును స్కాను చేసి, మచ్చలను దుడిచి, కావలసిన కొలఁతకుఁ దగ్గించి యచ్చొత్తి యంటింతురు. శీర్షికలను గంప్యూటరులోఁ గూర్చి, గీఁతననుసరించి కోయు యంత్రముతో నక్షరములను గత్తిరింతురు. కథనమును మాత్రము స్వహస్తముతో వ్రాయుదురు. అమ్మమ్మ పెండ్లిపత్రికయు, తాతగారి రైలుటిక్కెట్టును వస్తురూపమున నచ్చటనే యుండును. యంత్రము చేయఁదగినది యంత్రమునకును, చేతిదస్తూరి చేతికిని మిగులును. ఈ విభాగమే మిశ్రపద్ధతికి సారము.

ఈ పద్ధతియందును బ్రమాదములు లేకపోలేదు. ఇంటి ప్రింటరులలోని సిరాలు రెండు విధములు. ద్రవమునఁ గరఁగిన రంగులు వెలుతురునకును గాలికిని త్వరగా వెలసిపోవును. సూక్ష్మచూర్ణరూపమైన రంగులు చిరకాలము నిలుచును. 1994లో జపానున రూపొందిన క్యూఆర్ కోడు అను చతురస్రసంకేతమును బుటపై నంటించి, సెల్‌ఫోనుతోఁ జూచినపుడు పెద్దల కంఠధ్వని వినఁబడునట్లు కొందఱు చేయుచున్నారు. ఆ సంకేతము మూఁడుపాళ్ళవఱకుఁ జెడినను మిగిలిన యేడుపాళ్ళతోఁ జదువఁబడునంత దృఢముగాఁ జేయవచ్చును. కాని యది చూపు చిరునామ మూఁతపడినచో సంకేతము చెక్కుచెదరకున్నను ధ్వని వినఁబడదు. ఇంగ్లండునఁ 1086లోఁ దోళ్ళపై వ్రాయఁబడిన డూమ్స్‌డే పుస్తకము నేఁటికినిఁ జదువఁబడుచున్నది. దాని 900వ వార్షికోత్సవమునకై 1986లో బి.బి.సి. వారు లేజరు పలకలపై నెక్కించిన క్రొత్త డూమ్స్‌డే పదియాఱేండ్లకే చదువు యంత్రములు కఱవై దుర్గమమయ్యెను. 2002లోఁ బాతయంత్రము ననుకరించు సాధనము నిర్మించి దాని నుద్ధరింపవలసివచ్చెను. కాగితము మెల్లమెల్లగాఁ జచ్చును; చచ్చుచున్నట్లు కంటికిఁ గనఁబడును. డిజిటల్ ప్రతి చచ్చు సంగతి తెఱచిచూచువఱకుఁ దెలియదు.

రెంటిని సమముగాఁ బాటించినపుడు కలుగు ఫలమును జెఫర్సను పుస్తకమే చూపినది. దాని బిగువైన బైండువలనఁ బుటలు విఱుగుచుండఁగా, 2011లో స్మిత్సోనియను సంస్థవారు కట్టు విప్పి, పుటలను దీసి, చికిత్సచేసి, సూక్ష్మముగా ఛాయాచిత్రములు గ్రహించి, మరల మొదటి యట్టలలోనే కుట్టిరి. ప్రతి లోకమునకంతకును లభ్యమాయెను. మూలము తఱచు తాఁకుడు తప్పి విశ్రాంతి పొందెను. నాఁడు ఖాళీలతో మిగిలిన యాంగ్లప్రతులును రక్షితములై యున్నవి. ఇచ్చటఁ బ్రతి మూలమునకుఁ గవచమయ్యెనే కాని దాని స్థానమాక్రమింపలేదు.

ఈ విచారము తెలుఁగువారికి దూరమైనది కాదు. ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ వంటి వారపత్రికలలో ధారావాహికముగా వచ్చిన నవలలను వారమువారము చింపి, సూదిదారములతోఁ గుట్టి, యట్ట వేసి దాఁచుకొనిన గృహిణులును, బడిపంతుళ్ళును బెక్కురు. పుస్తకరూపమున నచ్చుకాని రచనకు అట్టి కట్టయే యాధారమగుట కలదు. అచ్చైనచోటఁ దొలిపాఠమునకును మలిపాఠమునకును గల భేదము దానివలననే తెలియును. ఐతే యా కట్టలలోఁ బెక్కింటికిఁ దేదీ లేదు. పత్రిక పేరు పుటపైభాగముతోఁ గత్తిరింపఁబడియుండును. ఒక ప్రకరణము ముగిసిన చోటనున్న యితరరచన సగము తెగియుండును. 1918లో స్థాపితమైన వేటపాలెపు సారస్వత నికేతనము వంటి గ్రంథాలయములు పాతపత్రికల సంపుటములను దాఁచియుంచుటచేతనే యిట్టి కట్టలకుఁ దేదీలు కుదుర్ప నవకాశ మున్నది. ఇంటికట్ట రచనను నిలిపినది. సంపూర్ణసంచిక దాని కాలమును నిలుపును.

కావున నింట నిట్టి కట్ట గలవారు చేయఁదగిన పనులు కష్టసాధ్యములు కావు. క్రొత్తగాఁ గత్తిరించువారు కత్తెర పెట్టకమునుపే పుటనంతటిని, వెనుకపుటతో సహా, ఛాయాచిత్రము తీయవలెను. పత్రికపేరు, తేదీ, పుటసంఖ్య యను మూఁటిని గత్తిరింపు ప్రక్కనే పెన్సిలుతో వ్రాయవలెను. యంత్రమునందలి ప్రతికిని ఆ వివరములే పేరుగా నుండవలెను. అట్లు చేసినఁ గాగితమునుండి ప్రతికిని, ప్రతినుండి కాగితమునకును దారి యుండును. ఆమ్లరహిత కాగితముపై నీటికి విడిపోవు పిండిజిగురు వాడినచోఁ బిదప సవరించువారికి సులభమగును. ప్రతులు రెండుమూఁడు వేఱ్వేఱు చోట్ల నుంచి, యేఁటికొకమాఱు తెఱచి చూడవలెను. పాతకట్ట కుట్టు విప్పఁబనిలేదు. ఉన్నదున్నట్లు ఛాయాచిత్రము తీసినఁ జాలును. ఆ కుట్టును, చదివినవారు మార్జినులో వ్రాసిన మాటయు, నవల నే విధముగా నొక యింట జీవించెనో తెలుపు సాక్ష్యములు.

పిల్లలకుఁ దెలుఁగు చెప్పు పండితులకు నిందొక చక్కని పాఠము కలదు. ఒక విద్యార్థి పత్రికలోని పద్యమునో వ్యాసమునో కత్తిరించి తేదీతో నంటించి, దాని ప్రతిని దీసి, విషయసూచిక కూర్చినచో, గ్రంథపరిష్కర్త చేయు పనినంతయుఁ జిన్నరూపమునఁ జేసినవాఁడగును. ప్రమాణము నెత్తి చూపుట, ఆకరమును జెప్పుట, మూలమును జెఱుపకుండుట అను మూఁడు గుణములును అందు అలవడును. సాధనములు మాఱుచుండును. నేఁటి సెల్‌ఫోను మఱి పదియేండ్లకు నుండకపోవచ్చును. కత్తిరింపు క్రింద వ్రాసిన తేదీ మాత్రము ఏ యంత్రము నడుగకయే చదువఁబడును.